వెచ్చదనం, తొలిపాలు, తల్లివాసన: శీతకాలపు ఈతల్లో బలహీన గొర్రెపిల్లల సంరక్షణ – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

చలికాలంలో పుట్టిన గొర్రెపిల్ల బ్రతుకుతుందా లేదా అన్నది చాలావరకు తొలి కొన్ని గంటల్లోనే తేలిపోతుంది. తల్లి చనిపోయిన పిల్లను, తల్లి దగ్గరకు రానివ్వని పిల్లను, పుట్టుకతోనే నీరసించిన పిల్లను కాపాడడానికి కాపరులు తరతరాలుగా మూడు ఉపాయాలను ఆశ్రయించారు. అవి నిప్పు సెగ, పాలు, మారుతల్లి. రోమన్ వ్యవసాయ గ్రంథాల నుండి ఇరవయ్యో శతాబ్దపు పశువైద్య పరిశోధనల వరకు ఈ మూడింటి చరిత్రను ప్రధానంగా బ్రిటన్ ఆధారాలతో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. కాపరుల అనుభవజ్ఞానంలో ఏది నిలిచింది, ఏది వీగిపోయింది, ఎందుకు అన్నది ప్రధాన ప్రశ్న. తెలుగు నేలలోని ముర్రుపాల వ్యవహారంతో ఈ చరిత్రకున్న పోలిక చివరి భాగంలో చర్చకు వస్తుంది.

కీలకపదాలు: గొర్రెల పెంపకం, శీతకాలపు ఈతలు, ముర్రుపాలు, మారుతల్లి, కాపరుల జ్ఞానం, పశువైద్య చరిత్ర.

1. ఉపోద్ఘాతం

గొర్రె చూలు కాలం సుమారు 147 రోజులు, అంటే దాదాపు అయిదు నెలలు. శీతల దేశాల్లో మంద ఎప్పుడు ఈనాలన్నది పొట్టేలును మందలోకి వదిలే రోజుతోనే నిర్ణయమవుతుంది. వసంతంలో గడ్డి చిగురించేదాకా ఆగితే పిల్లలకు ప్రమాదం తక్కువ. అయితే ముందుగా పుట్టిన పిల్ల ముందుగా సంతకు చేరుతుంది, ఎక్కువ ధర పలుకుతుంది. అందువల్ల దక్షిణ ఇంగ్లండులోని అనేక మందల్లో ఈతలు జనవరి, ఫిబ్రవరి నెలల్లోనే మొదలయ్యేవి. డోర్సెట్ ప్రాంతపు కొమ్ముల గొర్రెలు తక్కిన జాతుల కంటే ముందుగా చూలు కట్టగలవు. లండన్ సంపన్నుల శీతకాలపు విందులకు కావలసిన లేత మాంసం కోసం వాటి పిల్లలను కొట్టాలలో ఉంచి పెంచే వృత్తి పద్ధెనిమిదో శతాబ్దం నాటికే స్థిరపడింది. 1749లో విలియం ఎల్లిస్ గొర్రెల పెంపకంపై వెలువరించిన గ్రంథం పచ్చిక మీద పెరిగే పిల్లలనూ, ఇలా కొట్టాలలో పెరిగే పిల్లలనూ వేరువేరుగా చర్చించింది.

దీన్నిబట్టి చలికాలపు ఈత ప్రకృతి విధించిన కష్టం మాత్రమే కాదని, అందులో మార్కెట్టు ఒత్తిడి కూడా ఉందని గ్రహించాలి. లాభం మంద యజమానిది, రాత్రి జాగారం కాపరిది, ప్రాణాపాయం పిల్లది. ఈ మూడింటి నడుమ పుట్టిందే నవజాత గొర్రెపిల్లల సంరక్షణ విద్య. దీన్ని పుస్తకాల్లో నేర్చినవారు తక్కువ. పక్కన నిలబడి చూసి నేర్చినవారే ఎక్కువ. కాబట్టి దీని చరిత్రను అక్కడక్కడా మిగిలిన వాక్యాల నుండి, సాహిత్యంలోని వర్ణనల నుండి, తరువాతి కాలపు ప్రయోగాల నుండి కూర్చుకోవలసి ఉంటుంది.

2. రోమన్ గ్రంథాలు: నిప్పు, తొలిపాలు

ఈ విషయంలో లభిస్తున్న పాత ఆధారాల్లో ముఖ్యమైనది క్రీ.పూ. 37లో వర్రో రచించిన వ్యవసాయ గ్రంథం. ఈనే గొర్రెలను తక్కిన మంద నుండి వేరు చేసి, ఆ పనికే కేటాయించిన కొట్టంలోకి తోలాలనీ, అప్పుడే పుట్టిన పిల్లలను బలం పుంజుకునేవరకు నిప్పుకు దగ్గరగా ఉంచాలనీ అందులో ఉంది. తల్లిని వేరు చేయడం, పిల్లకు సెగ పట్టడం అనే ఈ రెండు పనులూ దాదాపు రెండు వేల ఏళ్ల పాటు పెద్దగా మార్పు లేకుండా సాగాయి.

క్రీ.శ. ఒకటో శతాబ్దానికి చెందిన కొలుమెల్లా మరికొంత వివరంగా వ్రాశాడు. పుట్టిన పిల్లను నిలబెట్టి పొదుగు దగ్గరకు చేర్చాలి. నోరు తెరిచి, చన్ను పిండి పాలచుక్కలతో పెదవులు తడపాలి. అలా చేస్తే పిల్ల చీకడం నేర్చుకుంటుంది. నేటి కాపరి కూడా నీరసించిన పిల్ల విషయంలో చేసే పని ఇదే. అయితే దీనికి ముందు మరో పని చేయాలని కొలుమెల్లా అంటాడు. పొదుగు నుండి కొద్దిగా పాలు పిండి పారబోయాలి. కాపరులు ‘కొలోస్త్రా’ అని పిలిచే ఆ తొలిపాలను కొంతైనా తీసివేయకపోతే పిల్లకు హాని కలుగుతుందన్నది ఆయన హెచ్చరిక. దాదాపు అదే కాలానికి చెందిన ప్లినీ తొలిపాలు త్రాగిన పిల్లలకు వచ్చే జబ్బుకు ఆ మాట నుండే ఏర్పడిన పేరు వాడాడు. నేడు ఆంగ్ల వైద్య పరిభాషలో ముర్రుపాలకు వాడే ‘కొలోస్ట్రం’ ఈ రోమన్ మాటే. ఒకప్పుడు అనుమానంతో పలికిన పేరు నేడు ఔషధతుల్యమైన పదార్థానికి పేరుగా నిలిచింది.

కొలుమెల్లా సూచించింది కొద్దిగా పిండివేయడమే. తొలిపాలు పూర్తిగా మాన్పించమని ఆయన అనలేదు. పిల్లను రెండు రోజులు తల్లితోపాటే మూసి ఉంచమన్నాడు కూడా. దానివల్ల తొలిపాలలో అధికభాగం పిల్ల కడుపులోకే చేరి ఉంటుంది. సిద్ధాంతం తప్పినా ఆచరణ పెద్దగా తప్పలేదు. చిక్కటి తొలిధారను పిండితే చన్ను రంధ్రంలో గడ్డకట్టిన అడ్డు తొలగి, నీరసించిన పిల్లకు పాలు తేలికగా అందుతాయన్న మేలు కూడా ఇందులో ఉంది. ఇప్పటికీ కాపరులు పిల్లను చన్నుకు పట్టించేముందు ఒకటి రెండు ధారలు పిండి చూస్తారు. కారణం మాత్రం మారింది.

3. చచ్చిన పిల్ల తోలు, బ్రతికిన పిల్ల ప్రాణం

తల్లి లేని పిల్లకు మూడో ఆధారం మారుతల్లి. దీనికి సంబంధించి ఆంగ్లంలోని తొలి స్పష్టమైన వర్ణనల్లో ఒకటి ఫిట్జ్‌హెర్బర్ట్ పేరుతో 1523లో అచ్చయిన వ్యవసాయ గ్రంథంలో ఉంది. రచయిత ఆంథొనీ ఫిట్జ్‌హెర్బర్టా, ఆయన సోదరుడు జానా అన్న విషయంలో పండితుల్లో భేదాభిప్రాయం ఉంది. గ్రంథంలోని సలహాలు మాత్రం మంద మధ్య మసలినవాడివే.

పాలుండీ పిల్లను దగ్గరకు రానివ్వని గొర్రెను గజం వెడల్పు ఇరుకు దడిలో నిలబెట్టి, పిల్లను చన్నుకు పట్టించమంటాడు. తలతో పొడిస్తే తాడుతో తలను దడికి కట్టమంటాడు. అప్పటికీ లొంగకపోతే కాస్త గడ్డి వేసి, ఆమెకు కనిపించేలా ఒక కుక్కను దగ్గరలో కట్టమంటాడు. కుక్కను చూసిన భయం గొర్రెలో పిల్లను కాచుకొనే గుణాన్ని రేపుతుందన్నది ఇందులోని ఊహ. తరువాతి సలహా ఇంకా విలువైనది. పాలు సమృద్ధిగా ఉన్న గొర్రె పిల్ల చనిపోతే ఆ పిల్ల తోలు ఒలిచి, పాలు చాలని బలహీనమైన తల్లికి పుట్టిన మరో పిల్ల వీపున కట్టాలి. రెండింటినీ ఒకే దడిలో ఉంచితే గంటలో ఆ గొర్రె పరాయి పిల్లను తన పిల్లగా స్వీకరిస్తుంది. అప్పుడు బలహీనమైన తల్లిని వేరే చోటికి తీసుకుపోవచ్చు. అటు ఆ తల్లి, ఇటు ఆ పిల్ల రెండూ బ్రతికే అవకాశం ఉంటుంది.

ఈ సలహా వెనుక కాపరి వేసుకొన్న లెక్క గమనింపదగింది. మందలో ఒక మరణం జరిగింది. ఒక పొదుగు వృథా కాబోతోంది. మరోచోట ఒక పిల్ల ఆకలితో ఉంది, ఒక తల్లి శక్తికి మించిన భారం మోస్తోంది. ఒక్క తోలుతో ఈ లోటునూ ఆ మిగులునూ సరిపెట్టడం ఇందులోని నేర్పు. గొర్రె తన పిల్లను చూపుకంటే ముందు వాసనతో గుర్తిస్తుందని ఎరిగినవాడికే ఇది తోస్తుంది. ఫిట్జ్‌హెర్బర్ట్ ఆ కారణాన్ని వివరించలేదు. ఫలితాన్ని మాత్రం నమోదు చేశాడు.

4. ఈతల దొడ్డి, చక్రాల గుడిసె

పంతొమ్మిదో శతాబ్దపు దక్షిణ ఇంగ్లండులో ఈతల కాలానికి ఒక ప్రత్యేక నిర్మాణం రూపొందింది. అల్లిన తడికలను వరుసగా పాతి, నడుమ గడ్డి కూరి, గాలిని అడ్డే దొడ్డి కట్టేవారు. దాని అంచుల వెంట ఒక్కో తల్లికి, పిల్లకు సరిపడే చిన్న గదులు ఉండేవి. పక్కనే ఇనుప చక్రాల మీద నిలిచిన చెక్క గుడిసె ఉండేది. ఈతలు ముగిసేదాకా కాపరికి అదే ఇల్లు, మందుల అర, రోగుల గది. అందులో ఒక చిన్న పొయ్యి, ఒక పడక ఉండేవి. చలికి బిగుసుకుపోయిన పిల్లకు పొయ్యి దగ్గరే చోటు.

ఈ గుడిసెను ప్రపంచ సాహిత్యానికి పరిచయం చేసినవాడు థామస్ హార్డీ. 1874లో వెలువడిన ‘ఫార్ ఫ్రమ్ ద మ్యాడింగ్ క్రౌడ్’ నవలలో గేబ్రియల్ ఓక్ అనే కాపరి చలిరాత్రి ఒక నవజాత పిల్లను గుడిసెలోకి తెచ్చి పొయ్యి ముందు గడ్డి మీద పడుకోబెడతాడు. వెచ్చదనానికి పిల్ల తేరుకొని అరవగానే నిద్రలేచి, దాన్ని మళ్లీ చీకట్లోకి మోసుకెళ్లి తల్లికి అప్పగిస్తాడు. గుడిసె అరలో సారా సత్తు, టర్పెంటైన్, తారు, మెగ్నీషియా, అల్లం, ఆముదం వంటివి ఉంటాయి. ఒక కాపరి చేతిలో నాడు ఉన్న వైద్యసామగ్రికి ఇది నమ్మదగిన పట్టిక. అదే నవలలో మరోచోట చనిపోయిన పిల్ల తోలును కవలల్లో ఒకదానికి కట్టి, బిడ్డ పోయిన గొర్రెతో కలిపి దడిలోకి తోలే దృశ్యం కూడా ఉంది. ఫిట్జ్‌హెర్బర్ట్ పద్ధతి మూడున్నర శతాబ్దాల తరువాత కూడా ఆచారంగానే కొనసాగిందని దీనివల్ల తెలుస్తుంది.

హార్డీ ఈ పనిలోని అపాయాన్నీ మరువలేదు. గుడిసె గాలిద్వారాలు మూసివేసి, పొయ్యి మండుతుండగా నిద్రపోయిన ఓక్ ఊపిరాడక చావు అంచుదాకా వెళతాడు. పిల్లను కాపాడే నిప్పే కాపరి ప్రాణం తీయగలదన్న సంగతి నవలలో కథాసంఘటనగా వచ్చినా, మూసిన చెక్క గదిలో పొయ్యి పెట్టుకొని పడుకొనే వృత్తిలో అది నిజమైన ప్రమాదమే.

కాపరులే గ్రంథకర్తలైన సందర్భాలు అరుదు. స్కాట్లండ్ కవి జేమ్స్ హాగ్ అందుకు మినహాయింపు. ఎట్రిక్ కొండల్లో మందలు కాచిన ఈయన 1807లో గొర్రెల వ్యాధులపై ‘ద షెపర్డ్స్ గైడ్’ అనే గ్రంథం ప్రకటించాడు. భూస్వాముల, వైద్యుల రచనల నడుమ మందలో పుట్టిన జ్ఞానం తన పేరుతోనే అచ్చెక్కిన సందర్భంగా దీనికి చారిత్రక ప్రాధాన్యం ఉంది.

5. వంటింటి పొయ్యి దగ్గర

మారుతల్లి దొరకని పిల్ల ఇంటికి చేరేది. అక్కడినుండి దాని బాధ్యత ఆడవాళ్లది, పిల్లలది. ఆంగ్లభాషలో ఇలాంటి చేతిపెంపకపు పిల్లకు ప్రాంతానికొక పేరు ఉంది. ‘కేడ్’ అని కొన్ని చోట్ల, ‘టిడ్లింగ్’ అని మరికొన్ని చోట్ల, ‘సాక్ ల్యాంబ్’ అని ఇంకొన్ని చోట్ల వాడుక. ఆస్ట్రేలియాలో ‘పాడీ’ అంటారు, పశ్చిమ అమెరికాలో ‘బమ్మర్’ అంటారు. ఇన్ని పేర్లుండడమే ఈ పని ఎంత సర్వసాధారణమో చెబుతుంది. అయినా వ్యవసాయ గ్రంథాల్లో దీనికి దక్కిన చోటు స్వల్పం. ఇంటి పని పద్దుల్లోకి ఎక్కకపోవడం ఇందుకు ఒక కారణం కావచ్చు.

సాహిత్యం ఈ లోటును కొంత పూరించింది. 1800లో వెలువడిన ‘లిరికల్ బాలడ్స్’ రెండో కూర్పులో వర్డ్స్‌వర్త్ ‘ద పెట్ ల్యాంబ్’ అనే కవిత చేర్చాడు. కొండల్లో తల్లిని కోల్పోయి దొరికిన గొర్రెపిల్లను సాకే బాలిక అందులో ప్రధానపాత్ర. ఆ బాలికకు కవి తన పొరుగున ఉన్న ఒక నిజమైన బాలిక పేరు పెట్టాడు. తాను చూసింది ఆ పిల్లను కాదని, కవిత బడి పుస్తకాల్లోకి ఎక్కడం వల్ల ఆ పేరుగల అమ్మాయికి గర్వం కలిగిందని, బ్రతికి ఉన్నవారి పేర్లు వాడరాదని తరువాతి కాలంలో ఆయనే హెచ్చరించాడు. సాహిత్యాన్ని చరిత్రకు ఆధారంగా తీసుకొనే పరిశోధకులకు ఇది ఉపయోగపడే హెచ్చరిక. కవితలోని పేరు సాక్ష్యం కాకపోవచ్చు. ఒక బాలిక గొర్రెపిల్లకు పాలు పట్టే పని మాత్రం కవి కళ్లారా చూసిందే.

6. ముర్రుపాల పునర్విచారణ

తొలిపాలపై అనుమానం పశువులకే పరిమితం కాలేదు. రెండో శతాబ్దపు గ్రీకు వైద్యుడు సొరానస్ ప్రసవానంతరం తొలి రోజుల్లో తల్లిపాలు శిశువుకు పడవని బోధించాడు. సుశ్రుత సంహిత శారీరస్థానం ప్రసవమైన మూడు, నాలుగు రాత్రులకు స్తన్యం ప్రవర్తిస్తుందని పేర్కొని, అంతవరకు శిశువుకు తేనె, నెయ్యి కలిపి ఇవ్వమంది. పరస్పర సంబంధం లేని రెండు వైద్యసంప్రదాయాలు తొలి రోజుల శిశువును తల్లిపాలకు దూరంగా ఉంచే సలహా వద్దకే చేరడం విశేషం. ఐరోపాలో ఈ ధోరణిని గట్టిగా ప్రశ్నించినవారిలో 1748లో శిశుపోషణపై వ్యాసం ప్రకటించిన విలియం కాడొగన్ ఒకడు. బిడ్డను త్వరగా తల్లి రొమ్ముకు చేర్చడమే మేలని ఆయన వాదించాడు.

అసలు కారణం బయటపడడానికి మరో శతాబ్దంన్నర పట్టింది. 1892లో జర్మన్ శాస్త్రజ్ఞుడు పాల్ ఎర్లిచ్ చిట్టెలుకల మీద ప్రయోగాలు చేసి, తల్లిలోని రోగనిరోధకశక్తి పాల ద్వారా పిల్లలకు అందగలదని చూపాడు. 1922లో అమెరికాలో థియొబాల్డ్ స్మిత్, రాల్ఫ్ లిటిల్ నవజాత దూడలపై చేసిన పరిశోధన మరింత నిర్ణాయకమైంది. ముర్రుపాలు త్రాగిన దూడలు నిలిచాయి. అవి అందని దూడల్లో ఎక్కువ భాగం సాధారణ సూక్ష్మజీవుల దాడికే చనిపోయాయి.

దీనికి శరీరనిర్మాణంలోనే కారణం ఉంది. మనిషిలో ప్రతిరక్షకాలు మాయ ద్వారా గర్భస్థ శిశువుకు చేరతాయి. గొర్రె, ఆవు, గేదెలలో మాయ నిర్మాణం అందుకు వీలివ్వదు. అందువల్ల గొర్రెపిల్ల దాదాపు ఏ రక్షణా లేకుండా లోకంలోకి వస్తుంది. ఆ రక్షణ ముర్రుపాలలోనే ఉంటుంది. దాన్ని యథాతథంగా పీల్చుకొనే శక్తి పిల్ల పేగులకు పుట్టిన తరువాత సుమారు ఒక రోజు మాత్రమే ఉండి, గంటగంటకూ తగ్గిపోతుంది. రెండో రోజు పోసిన ముర్రుపాలు ఆహారమవుతాయి కానీ కవచం కాలేవు.

ఈ అవగాహన వెంటనే మందలకు ఉపకరించింది. పుట్టిన కొద్ది రోజుల్లోనే పిల్లలను చంపే రక్తవిరేచనాల వ్యాధి బ్రిటన్ ఉత్తరప్రాంతాల మందలను పీడించేది. 1920లలో థామస్ డాలింగ్, ఆయన సహచరులు దానికి కారణమైన సూక్ష్మజీవిని గుర్తించి, చూలు గొర్రెకు టీకా వేస్తే ముర్రుపాల ద్వారా పిల్లకు రక్షణ చేరుతుందని నిరూపించారు. అప్పటికే పుట్టిన పిల్లకు టీకా వేస్తే ఫలితం అందేలోపే వ్యాధి వస్తుంది. తల్లికి వేస్తే పిల్ల తొలి గుక్కతోనే రక్షణ పొందుతుంది. ఏ పాలను కొలుమెల్లా కాలపు కాపరులు అనుమానించారో ఆ పాలే మందుకు వాహకమైంది.

7. ఉష్ణమాపకం, గడియారం

పాల విషయంలో పాత నమ్మకం తప్పని తేలింది. నిప్పు విషయంలో వచ్చిన తీర్పు అంత సూటిగా లేదు.

1960ల తొలినాళ్లలో ఆస్ట్రేలియా పరిశోధకుడు గార్డన్ అలెగ్జాండర్ నవజాత గొర్రెపిల్లల ఉష్ణనియంత్రణపై విస్తృతంగా పనిచేశాడు. గర్భంలో సుమారు 39 డిగ్రీల సెల్సియస్ వెచ్చదనంలో ఉన్న పిల్ల ఉమ్మనీటితో తడిసి ఒక్కసారిగా చలిగాలిలో పడుతుంది. ఆ తడి ఆరుతూ ఒంటి వేడిని లాగేస్తుంది. ఆ కాసేపూ పిల్లను నిలిపేది మూత్రపిండాల చుట్టూ, మరికొన్ని చోట్లా నిలవ ఉన్న గోధుమరంగు కొవ్వు. వణుకు అవసరం లేకుండానే అది కరిగి వేడి పుట్టిస్తుంది. ఆ నిలవ పరిమితం. పాలు అందకపోతే గంటల్లోనే అడుగంటుతుంది.

స్కాట్లండ్ రైతులే పూనుకొని 1920లో స్థాపించుకొన్న పశువ్యాధి పరిశోధన సంఘం తరువాత మోర్డన్ సంస్థగా ప్రసిద్ధమైంది. అక్కడ 1980ల తొలి సంవత్సరాల్లో ఫ్రాంక్ ఈల్స్, ఆయన సహచరులు చలికి కుంగిన పిల్లలను పరీక్షించి, బయటికి ఒకేలా కనిపించే ఈ స్థితిలో రెండు వేరువేరు ఆపదలు దాగి ఉన్నాయని తేల్చారు. మొదటిది పుట్టిన అయిదు గంటల లోపు వచ్చేది. తడి ఒంటితో గాలికి వేడి కోల్పోవడమే దీనికి మూలం. ఒంట్లో ఇంకా నిలవ ఉంటుంది. తుడిచి ఆరబెట్టి, వెచ్చని పెట్టెలో ఉంచితే పిల్ల తేరుకుంటుంది. రెండోది ఆ తరువాత వచ్చేది. పాలు అందక నిలవ ఖర్చయిపోవడమే దీని మూలం. రక్తంలో చక్కెర అడుగంటిన అలాంటి పిల్లను నేరుగా సెగ దగ్గర పెడితే, వెచ్చబడిన మెదడు మరింత చక్కెర కోరుతుంది. అది దొరకక పిల్ల మూర్ఛతో చనిపోతుంది.

ఈ నిర్ధారణ నుండి ఒక క్రమం ఏర్పడింది. సాధారణ గొర్రెపిల్ల ఉష్ణోగ్రత 39 నుండి 40 డిగ్రీలు. 37 నుండి 39 మధ్య ఉంటే ఆరబెట్టి, ముర్రుపాలు పట్టి, తల్లితోనే ఆశ్రయంలో ఉంచాలి. 37 కంటే తగ్గి, వయసు అయిదు గంటలు దాటి ఉంటే సెగకంటే ముందు గ్లూకోజు ఇవ్వాలి. కిలో బరువుకు 10 మిల్లీలీటర్ల చొప్పున 20 శాతం గ్లూకోజు ద్రావణాన్ని శరీరోష్ణానికి వెచ్చబెట్టి బొడ్డు కింది భాగంలో ఉదరకుహరంలోకి ఎక్కించాలి. ఆ తరువాతే వెచ్చని పెట్టె. తల నిలపగలిగిన తరువాతే పాలు. చీకలేని పిల్లకు నోటి గుండా కడుపులోకి దించే మెత్తని గొట్టంతో కిలోకు 50 మిల్లీలీటర్ల చొప్పున ముర్రుపాలు పోయాలి. తొలి రోజులో మొత్తం కిలోకు సుమారు 200 మిల్లీలీటర్లు అందాలి. స్పృహలేని పిల్లకు గొట్టంతో పాలు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి చనిపోతుంది.

ఈ వెలుగులో పాత కాపరి పొయ్యిని తిరిగి చూడాలి. హార్డీ నవలలోని పిల్ల అప్పుడే పుట్టింది. కాబట్టి పొయ్యి దానికి సరైన చికిత్సే. వర్రో చెప్పిందీ అప్పుడే పుట్టిన పిల్లల గురించే. ఆ సలహాలో పొరపాటు లేదు. అదే సలహాను రాత్రంతా ఆకలితో పడి ఉండి తెల్లవారి దొరికిన పిల్లకు వర్తింపజేసినప్పుడు అది ప్రాణం తీసింది. చూపుకు రెండు పిల్లలూ ఒకటే. రెండూ చల్లగా, వాలిపోయి ఉంటాయి. తేడా వయసులో ఉంది, ఒంటి వేడిలో ఉంది. కంటికి కనిపించని ఆ తేడాను ఉష్ణమాపకం, గడియారం పట్టి ఇచ్చాయి. శతాబ్దాల పాటు కొన్ని పిల్లలు పొయ్యి దగ్గర లేచి నిలబడడం, మరికొన్ని అక్కడే కొట్టుకొని చనిపోవడం చూసిన కాపరులు దాన్ని విధిగా సరిపెట్టుకొని ఉంటారు.

8. తల్లివాసన

ఫిట్జ్‌హెర్బర్ట్ నమోదు చేసిన తోలు ఉపాయానికి శాస్త్రం నుండి బలమైన సమర్థన లభించింది. ఈనిన గొర్రె తొలి ఒకటి రెండు గంటల్లోనే తన పిల్ల వాసనను నేర్చుకొని, తరువాత వచ్చే పరాయి పిల్లలను పొడిచి తరుముతుందని ఇరవయ్యో శతాబ్దపు రెండో భాగంలో జరిగిన పరిశోధనలు స్థిరపరిచాయి. 1983లో కెవర్న్, లెవీ, పోయిన్‌డ్రన్, లిండ్సే ప్రకటించిన పరిశోధన ఒక ముఖ్యమైన మలుపు. ప్రసవ సమయంలో గర్భద్వారం సాగడం వల్ల కలిగే స్పందనే గొర్రె మెదడులో మాతృభావాన్ని మేల్కొలుపుతుందని, ఆ స్పందనను కృత్రిమంగా కలిగిస్తే ఈనిన గొర్రె పరాయి పిల్లను కూడా స్వీకరిస్తుందని వారు చూపారు. ఉమ్మనీటి వాసన ఈనే గొర్రెను ఆకర్షిస్తుందని కూడా ఫ్రెంచి పరిశోధకులు నిరూపించారు. మరో గొర్రె ఈనుతుండగానే అనాథ పిల్లను తెచ్చి, ఆ ఉమ్మనీటితో తడిపి ముందుంచే కాపరుల అలవాటుకు ఇది వివరణ.

మూడు ఉపాయాల్లో దీనికి మాత్రమే శాస్త్రం ఏ దిద్దుబాటూ చేయలేదు. కారణం ఊహించదగినదే. మారుతల్లి స్వీకరించిందా లేదా అన్నది గంటలో తేలుతుంది. తప్పితే కాపరికి వెంటనే తెలుస్తుంది. ముర్రుపాలు అందని పిల్ల రోజుల తరువాత జబ్బుతో చనిపోతే ఆ చావును తొలి రాత్రితో ముడిపెట్టడం కష్టం. ఫలితం కంటి ముందే కనిపించినచోట అనుభవజ్ఞానం త్వరగా పదునెక్కింది. కారణానికీ ఫలితానికీ నడుమ కాలం పెరిగినచోట అది దారి తప్పింది.

9. తెలుగు నేలతో పోలిక

దక్కను పీఠభూమిలో గొల్ల, కురుమ కాపరుల మందలకు బ్రిటన్ మంచు లేదు. అయినా తొలకరి తరువాతి పచ్చిక కాలంలో కట్టిన గొర్రెలు అయిదు నెలలకు ఈనితే ఆ ఈతలు శీతకాలంలోనే పడతాయి. బయటి పొలాల్లో మంద వేసే సంచార కాపరికి గొంగడే గుడిసె. అప్పుడే పుట్టి నడవలేని పిల్లకు దాని మడతే ఆశ్రయం.

చచ్చిన పిల్ల తోలు ఉపాయం ఇక్కడి పాడి పశువుల విషయంలో మరో రూపంలో కనిపిస్తుంది. దూడ చనిపోయిన ఆవు, గేదె పాలు చేపడానికి దూడ తోలులో గడ్డి కూరి ముందు నిలబెట్టడం తెలిసిన పద్ధతే. రెండూ వాసన మీద, తల్లి భ్రమ మీద ఆధారపడినవే. ప్రయోజనం మాత్రం భిన్నం. అక్కడ ఆ పాలు తల్లిలేని పిల్లకు, ఇక్కడ మనిషికి.

పాల విషయంలో తెలుగు మాటలే ఒక చరిత్ర చెబుతాయి. ఈనిన పశువు తొలిపాలకు ‘జున్నుపాలు’ అన్న పేరూ, ‘ముర్రుపాలు’ అన్న పేరూ ఉన్నాయి. మొదటి మాట వంటింటికి చేరి తీపి వంటకమైంది. రెండో మాట పశువుల కొట్టం నుండి ప్రసూతి వార్డుకు ప్రయాణించింది. బాలింత తొలిపాలను పిండి పారబోసి, బిడ్డకు తేనె నాకించే అలవాటును మాన్పించడానికి వైద్య ఆరోగ్య కార్యకర్తలు ఎంచుకొన్నది ముర్రుపాలు అనే మాటనే. పుట్టిన గంటలోపే బిడ్డకు ముర్రుపాలు పట్టాలన్న ప్రచారం నేడు తెలుగు పల్లెల్లో సుపరిచితం. పశువుల పెంపకంలో అర్థమైన విషయాన్ని మనుషులకు అన్వయించుకోవడంలో జరిగిన జాప్యానికి ఈ పదప్రయాణం సాక్ష్యం.

మన గొల్లల వీరగాథలు సాహిత్యచరిత్రలో స్థానం పొందాయి. తంగిరాల వెంకట సుబ్బారావు పరిష్కరించిన కాటమరాజు కథల్లో ప్రధాన సంఘర్షణ పుల్లరి చుట్టూ, పశువుల మేత హక్కుల చుట్టూ నడుస్తుంది. పన్ను, పోరు, వీరమరణం గాథలుగా నిలిచాయి. ఈతల రాత్రి జాగారం గాథ కాలేదు. కాపరి కుటుంబాల్లో ఆ పని చేసిన స్త్రీల, పిల్లల జ్ఞానాన్ని మౌఖిక చరిత్రగా సేకరించడం తెలుగు జానపద విజ్ఞాన పరిశోధన ముందున్న కర్తవ్యం. వలస మందలు తగ్గిపోతున్నకొద్దీ ఆ అవకాశమూ తగ్గిపోతుంది.

10. ముగింపు

నవజాత గొర్రెపిల్లల సంరక్షణ చరిత్ర అజ్ఞానం నుండి విజ్ఞానానికి సాగిన సూటి ప్రయాణం కాదు. మారుతల్లి ఉపాయాన్ని శాస్త్రం ధ్రువీకరించింది. తొలిపాలపై అనుమానాన్ని ఖండించింది. నిప్పు సెగను నిరాకరించకుండా దానికి వేళనూ, వరుసనూ నిర్ణయించింది. కాపరులు అడిగిన ప్రశ్నలు సరైనవే. పిల్లకు వేడి ఎలా చేర్చాలి, పాలు ఎలా పట్టాలి, తల్లిని ఎక్కడినుండి తేవాలి అన్న మూడు ప్రశ్నలే నేటికీ ఈతల దొడ్డిలో మిగిలి ఉన్నాయి. ప్రయోగశాల చేర్చింది నాలుగో ప్రశ్న: వీటిలో ఏది ముందు? పుట్టి ఎన్ని గంటలైందో తెలిస్తేనే దానికి జవాబు దొరుకుతుంది. ఆ లెక్క తెలిసేది రాత్రంతా మేలుకొని ఉన్న మనిషికే కాబట్టి, ఉష్ణమాపకం వచ్చిన తరువాత కూడా కాపరి జాగారానికి ప్రత్యామ్నాయం లేదు.